బరిగె అడిగింది మేమే

వరంగల్ జిల్లా విద్యాశాఖాధికారి గారికి,



నేను ఎనుమాముల మార్కెట్లో ఒక అడ్తి దుకాణంలో పద్దులు రాసే గుమస్తాను. కరీమాబాద్‌లో ఉంటాం. మా పాప మా వాడకట్టులోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతి చదువుతోంది. ఆ బడికి దసరా తర్వాత వచ్చిన కొత్త టీచరమ్మ గురించి, ఆమె మీద మేము తెచ్చిన ఒత్తిడి గురించి, ఆమె కోసం మీరు చేయగలిగిన కొన్ని పనుల గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. మీ ఒక్కరికే రాసి కవరులో పెట్టి పంపొచ్చు. కానీ ఇందులో తప్పు మీ శాఖ కంటే మా తల్లిదండ్రుల వైపే ఎక్కువ ఉంది. అందుకే మావాళ్లూ చదవాలని బహిరంగంగా రాస్తున్నాను.

ఆమె 2024 డీఎస్సీలో ఎంపికైన మనిషి. 2017 నాటి నోటిఫికేషన్ తర్వాత ఇన్నేళ్లకు జరిగిన భర్తీ అది. 11,062 పోస్టులు, జూలై 18 నుంచి ఆగస్టు 5 దాకా పరీక్షలు, అక్టోబర్ 9న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో నియామక పత్రాలు. సెలవులు అయిపోయి బడి తెరిచాక ఆమె మా పిల్లల ముందు నిలబడింది. అంతకు ముందు మూడు, నాలుగు తరగతులు చూసిన సారు ఎండాకాలం బదిలీల్లో వెళ్లిపోయారు. నాలుగు నెలలు మా పిల్లలు ఇవాళ ఈ గదిలో, రేపు ఆ గదిలో అన్నట్టు గడిపారు. కుదురు తప్పిన పిల్లల్ని, అదీ రెండు తరగతుల వాళ్లను ఒకే గదిలో, ఉద్యోగంలో చేరిన మొదటి రోజే ఆమె చేతికి అప్పగించాం.

ఆ సాయంత్రం మా పాప ఇంటికొచ్చి చెప్పిన మొదటి సంగతి, "కొత్త మేడం కాడ బరిగె లేదు డాడీ." రెండో సంగతి, ఆమె కుర్చీలో కూర్చోదట.

ఒక రోజు మార్కెట్ బందు ఉంటే పాపను దింపడానికి నేనే వెళ్లాను. గేటు దాటకముందే లొల్లి వినిపించింది. కిటికీలోంచి చూస్తే ఆమె పిల్లల మధ్యన కుడిచేయి పైకెత్తి, నోరు మెదపకుండా నిలబడి ఉంది. ఇద్దరు పిల్లలు చూసి వాళ్లూ చేయెత్తారు. తర్వాత నలుగురు. వెనక వరుసలో ఇద్దరు ఇంకా కొట్లాడుకుంటూనే ఉన్నారు. గది మొత్తం సద్దుమణగడానికి నిమిషం పైనే పట్టింది. బల్ల మీద బరిగెతో ఒక్కటి కొడితే రెండు సెకండ్ల పని కదా అనుకున్నాను. ఈమెకు పిల్లలు లొంగరు, ఈ ఏడాది చదువు పోయినట్టే అనుకుంటూ ఇంటికొచ్చాను.

నవంబర్ 6న సమగ్ర కుటుంబ సర్వే మొదలైంది. ప్రాథమిక బడుల టీచర్లను ఇంటింటికీ పంపడంతో బడి ఒంటిపూటే నడిచింది. పిల్లలు ఆమెకు, ఆమె పిల్లలకు అలవాటు పడాల్సిన రోజులే అవి. సర్వే అక్కర్లేదని నేను అనను. కానీ ఆ నెల చివర మేము ఆమెను నిలదీసినప్పుడు మాలో ఒక్కరికీ ఈ సంగతి గుర్తుకు రాలేదు.

నిలదీశామనే చెప్పాలి. తల్లిదండ్రుల సమావేశంలో మొదట లేచింది నేనే. "పిల్లలకు భయం లేకుండ అయింది మేడం, జర బరిగె పట్టుండ్రి" అన్నాను. నా వెనక ఒక పెద్దావిడ "మా మనుమడిని కొట్టుండ్రి బిడ్డా, మేమేమనం" అంది. ఇంకొకాయన, పక్క వీధి ప్రైవేటు బడిలో పిల్లలు గీత గీసినట్టు కూర్చుంటారన్నాడు. ఆమె వయసు ఇరవై అయిదు, ఇరవై ఆరు ఉంటుందేమో. గొంతు అప్పటికే బొంగురుపోయి ఉంది. మా అందరి మాటలూ విని, "రెండు నెలలు టైమియ్యుండ్రి సార్. లొల్లి తగ్గకపోతే మళ్ల రాండ్రి, కూసొని మాట్లాడుదం. కొట్టుడు మాత్రం నాతోని కాదు" అంది. హెడ్మాస్టర్ గారు మమ్మల్ని సముదాయించి పంపారు.

ఇప్పుడు ఫిబ్రవరి. ఆమె అడిగిన రెండు నెలలు ఎప్పుడో దాటాయి.

నా సంగతి కొంత చెప్పాలి. నేను చదివిన బడి పేరు, సారు పేరు రాయను. మా బడిలో చింత బరిగె ఉండేది. అది విరిగితే కొత్తది తెమ్మని మాలో ఒకరినే పంపేవారు. తెచ్చినవాడికే మొదటి దెబ్బ పడిన రోజులున్నాయి. ఎక్కాలు తప్పితే చేతివేళ్లు మడిచి కణుపుల మీద కొట్టేవారు. పదమూడో ఎక్కం దగ్గర నేను చాలా దెబ్బలు తిన్నాను. రోజంతా క్వింటాళ్లు, కమీషను, హమాలీ ఖర్చుల లెక్కలు వేసే మనిషిని. ఈ రోజుకీ పదమూడును ఏడుతో గుణించాలంటే నా చేయి ఒక్క క్షణం ఆగుతుంది. "మేం దెబ్బలు తినే బాగుపడ్డం" అనే మాట నేనూ పదిమంది ముందు అన్నవాడినే. ఆగిన నా చేతిని మాత్రం ఆ లెక్కలో వేసుకోలేదు.

నా పక్కన కూర్చునేవాడు ఐదో తరగతిలోనే బడి మానేశాడు. ఇప్పుడు మా మార్కెట్లోనే హమాలీ. ఇది మిర్చి సీజన్. యార్డు ఎర్రగా నిండిపోయి, బస్తాల ఘాటుకు అందరం దగ్గుతూ పనిచేసే రోజులు. మొన్నొక మధ్యాహ్నం ఇద్దరం చాయ్ తాగుతుంటే అడిగాను, ఎందుకు మానేసినవురా అని. ఇన్నేళ్లలో ఎప్పుడూ అడగలేదు.

"సారు కొడుతుండె కదా" అన్నాడు.

"ఇంట్ల చెప్పకపోయినవా?"

"చెప్పిన. మా నాయిన బడికొచ్చిండు. సారుకు దండం పెట్టి, కండ్లు రెండు ఇడిసిపెట్టి యాడన్న కొట్టుండ్రి సారూ అన్నడు. ఇగ తెల్లారి నుంచి ఉర్సు గుట్ట దిక్కు పోవుడు మొదలువెట్టిన."

వాళ్ల నాయన చెడ్డ మనిషి కాదు. అజంజాహి మిల్లులో కార్మికుడు. కొడుకు తనలా కాకూడదని బడికి పంపినవాడు. కొడితేనే చదువు వస్తుందని ఆయన మనసారా నమ్మాడు. నవంబర్ సమావేశంలో నేను లేచి అన్న మాట ఆయన మాటే. అందులో కళ్ల ప్రస్తావన లేదు, అంతే తేడా.

ఈ నమ్మకం ఎంత పాతదో తెలుసుకుందామని కొన్ని పుస్తకాలు తిరగేశాను. 1823లో బళ్లారి కలెక్టర్ కాంప్‌బెల్ తన జిల్లాలోని బడుల మీద మద్రాసు ప్రభుత్వానికి ఒక నివేదిక పంపాడు. 533 బడుల్లో 226 తెలుగు బడులు. పొద్దున అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారట. రెండోవాడికి సున్న. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాడికల్లా ఒక్కొక్కటి ఎక్కువ. బద్ధకించిన వాళ్లను రెండు చేతులూ కట్టి కప్పుకు వేలాడదీయడం, ఆగకుండా కూర్చోబెట్టి లేపడం కూడా అందులో ఉన్నాయి. మన పెద్దలు కోదండం, గుంజీలు అన్నవి అవే. అదే నివేదికలో పెద్ద తరగతి పిల్లలు చిన్నవాళ్లకు చదువు చెప్పే పద్ధతిని కాంప్‌బెల్ మెచ్చుకున్నాడు. ఆ బడుల నుంచి మనం ఈ రెంటిలో ఏదైనా అందుకోగలిగేవాళ్లం. గుంజీలను వదలకుండా పట్టుకుని, పిల్లలే పిల్లలకు చెప్పే పద్ధతిని జారవిడిచాం.

మీలాగే బడులను తనిఖీ చేసే ఉద్యోగం చేసిన చలం, పిల్లల్ని కొట్టడం మీద కోపంతో, బాధతో 'బిడ్డల శిక్షణ' రాశాడు. గుజరాత్‌లో విద్యావేత్త గిజుభాయి రాసిన పుస్తకం 'పగటి కల' పేరుతో తెలుగులోకీ వచ్చింది. కొట్టకుండా చదువు చెప్పి చూస్తానని ఒక మాస్టారు విద్యాధికారి దగ్గరికి వెళ్లి, ఒక నాలుగో తరగతిని ఒక ఏడాదికి అడిగి తీసుకునే కథ అది. మొదటి రోజు పిల్లల్ని నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట ఆడిస్తాడు. ఘోరంగా విఫలమవుతాడు, తరగతి సంతగా మారుతుంది. ఆ రోజే విద్యాధికారి "నీతో కాదు, వెళ్లిపో" అని ఉంటే ఆ పుస్తకమే లేదు. ఆయనకు అనుమానాలు ఉన్నాయి. అయినా ఏడాది ఇచ్చాడు. ఈ ఉత్తరం మంత్రి గారికి రాయకుండా మీకు రాయడానికి ఆ అధికారి పాత్రే కారణం.

డిసెంబర్‌లో ఒక పూట సెలవు పెట్టి, హెడ్మాస్టర్ గారిని అడిగి ఆ గదిలో వెనక కూర్చున్నాను. గోడకు ఒక అట్ట వేలాడుతోంది. దాని మీద పిల్లల చేతిరాతలో, వంకరటింకరగా, వాళ్లే పెట్టుకున్న కట్టుబాట్లు. ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు వినాలె. పెన్సిల్ గుంజుకోవద్దు, అడగాలె. ఒంటికి పోవాలంటే చెప్పి పోవాలె. ఎవరన్న తప్పు చెప్తే నవ్వొద్దు. ఆ పూట ఒక పిల్ల ఏదో చెబుతుంటే మేడమే మధ్యలో అందుకుంది. ముందు వరుసలోని నాలుగో తరగతి పిల్ల ఒకతె మాట్లాడకుండా ఆ అట్ట వైపు వేలు చూపించింది. మేడం "అవును" అని ఆగి, మొదటి పిల్లను పూర్తిగా చెప్పనిచ్చింది. మా సారు వైపు మేమలా వేలు చూపించడం నా ఊహకైనా అందదు.

మూడో తరగతి వాళ్లు తీసివేతలు చేస్తుంటే నాలుగో తరగతి వాళ్లు జంటలుగా పాఠం చదువుకుంటున్నారు. తమ పని అయిపోయిన నాలుగో తరగతి పిల్లలు ఇటు వచ్చి చిన్నవాళ్ల పక్కన కూర్చుంటున్నారు. గది నిశ్శబ్దంగా లేదు. మా యార్డులో వేలం పాట జరిగేటప్పుడు ఉండే చప్పుడు లాంటిది. బయటివాడికి గోల, లోపలున్నవాళ్లకు ఎవరి పని వాళ్లకు తెలుసు.

ఆ గదిలో ఒక పిల్లవాడు ఉన్నాడు. ఊరికే పక్కవాళ్లను కొడతాడని అందరి ఫిర్యాదు. నేనున్న పూట కూడా ఒకడిని గిచ్చాడు. ఆమె వాడిని బయట మెట్ల మీదికి తీసుకెళ్లి పక్కన కూర్చుంది. తలుపు తీసే ఉంది, గది మీద ఒక కన్ను ఉంచింది. అయిదు నిమిషాల తర్వాత ఇద్దరూ లోపలికొచ్చారు. వాడు గిచ్చినవాడి నోటుపుస్తకం వెతికి తెచ్చిచ్చాడు. వాడి తల్లి నాకు తెలుసు, మిర్చి తొడిమలు తీసే కూలికి తెల్లవారుజామునే పోతుంది. పిల్లవాడు పొద్దున ఏమీ తినకుండా బడికొస్తాడు. మధ్యాహ్న భోజనం దాకా వాడి కడుపులో ఏమీ ఉండదు. ఈ సంగతి టీచరమ్మ వచ్చిన మూడో వారానికే కనుక్కుంది. ఆమె బీరువాలో ఒక అటుకుల డబ్బా ఉంది. ఏడాదిగా వాడి తల్లి పనిచేసే మార్కెట్లోనే కూర్చుని, వాడు రౌడీ అని ముద్ర వేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

నన్ను మార్చింది మాత్రం మా ఇంట్లో జరిగిన చిన్న సంగతి. పాపను మొదటి రెండేళ్లు ఒక ప్రైవేటు బడికి పంపాం. అక్కడ తెలుగు మాట్లాడితే జరిమానా. మా ఇంటి మాట నోట్లోంచి జారితే తోటి పిల్లల ముందు వెక్కిరింపు. కాళోజీ పుట్టినరోజును భాషా దినోత్సవంగా జరుపుకునే నేల ఇది, అదీ ఆయన తిరిగిన ఊరు. ఆ రెండేళ్లలో పాపకు ఒక అలవాటు పట్టుకుంది. ఏది చెప్పినా "అర్థమైంది" అని తలూపేది. అర్థం కాలేదంటే ఏమవుతుందో దానికి తెలుసు. ఇంట్లో నా దగ్గరా అంతే, ఎందుకంటే నేనూ కొట్టాను. పోయినేడు ఎక్కాలు రాలేదని రెండుసార్లు. జనవరిలో ఒక రాత్రి దానికి అరువు తెచ్చుకునే తీసివేత చెబుతున్నాను. మధ్యలో చేయెత్తి, "డాడీ, నాకు సమజ్ కాలే, మళ్ల చెప్పు" అంది. నేను చేయెత్తితే కొడతానని చూసిన పిల్ల, తనే చేయెత్తి అడిగింది. మళ్లీ చెప్పాను. మూడోసారికి లెక్క వచ్చింది.

పిల్ల నోటి నుంచి "అర్థం కాలేదు" అన్న మాట వస్తేనే ఏ టీచరైనా పని మొదలుపెట్టగలరు. భయం ఆ మాటనే మింగేస్తుంది. క్రమశిక్షణ అంటే గీత గీసినట్టు కూర్చోవడమని నేను అనుకున్నాను. మా పాప ఇప్పుడు తన వంతు వచ్చేదాకా ఆగుతోంది, తప్పు చెప్పినవాళ్లను చూసి నవ్వడం లేదు, తెలియనిది తెలియదంటోంది. ఈ మూడూ నేను బరిగెతో నేర్పగలిగేవి కావు.

అన్నీ నచ్చాయని చెప్పను. నోటుపుస్తకాలు దిద్దడం ఆలస్యమవుతోంది. చేతిరాత మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి. డిసెంబర్‌లోనే ఒక రోజు ఆమె ఓపిక నశించి గట్టిగా అరిచి, ఒక వరుస మొత్తాన్ని నిలబెట్టిందట. అందులో ఏ తప్పూ చేయని మా పాప కూడా ఉంది. మర్నాడు వచ్చి, "నిన్న నేను అట్ల అరవొద్దుండె" అని పిల్లలతో అందట. అన్నం తింటూ పాప అడిగింది, "పెద్దోళ్లు కూడ తప్పయిందని చెప్తరా డాడీ?" దాన్ని కొట్టిన ఆ రెండు రాత్రుల సంగతి నేను అప్పటిదాకా ఎత్తలేదు. ఆ రాత్రి ఎత్తాను.

అయ్యా, బడిలో కొట్టడం నిషేధమని మీకు నేను చెప్పనక్కర్లేదు. 1966 నాటి విద్యా నిబంధనల్లోని 122వ నియమాన్ని సవరించి, కొట్టడాన్ని నిషేధిస్తూ ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2002 ఫిబ్రవరి 18న జీవో 16 ఇచ్చింది. ఈ నెల 18తో దానికి ఇరవై మూడేళ్లు నిండాయి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపునూ నిషేధించింది. మా పాప మాటను వెక్కిరించడం కూడా ఆ రెండో దాని కిందికే వస్తుందని నాకు ఈ మధ్యే తెలిసింది. నేను డిగ్రీ చదివినవాడిని. ఆ సమావేశంలో ఒక ప్రభుత్వోద్యోగిని చట్టం ఉల్లంఘించమని నలుగురి ముందు అడుగుతున్నానన్న సంగతి అప్పుడు నాకు తెలియదు.

స్వీడన్ 1979లో ఇంట్లో కొట్టడాన్ని కూడా నిషేధించింది. అప్పుడు వాళ్లు ఆ సంగతిని పాల డబ్బాల మీద అచ్చువేసి ఇంటింటి వంటగదికీ చేర్చారు. చట్టం తెలియాల్సింది టీచర్ల కంటే ముందు ఇంట్లోవాళ్లకని వాళ్లకు అర్థమైంది. మన దగ్గర ప్రతి తల్లీ తండ్రీ సంతకం పెట్టే కాగితం ఒకటుంది, ప్రగతి పత్రం. దాని వెనక అట్ట మీద 17వ సెక్షన్‌ను మామూలు తెలుగులో నాలుగు వాక్యాల్లో అచ్చు వేయించండి. కింద చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 వేయించండి. తల్లిదండ్రుల సమావేశంలో హెడ్మాస్టర్లు దాన్ని ఒకసారి చదివి వినిపించాలని చెప్పండి. మాలాంటి వాళ్లం లేచి బరిగె అడగకముందే అది మా చెవిన పడాలి.

కొత్త టీచర్ల సంగతి మీరు ఇంకా శ్రద్ధగా చూడాలి. డీఎడ్‌లో శిశు మనస్తత్వం చదువుతారు. టెట్‌లో 150 మార్కుల్లో 30 దానికే. కానీ మధ్యాహ్నం భోజనం తర్వాత రెండు తరగతుల పిల్లలు ఒకేసారి అరుస్తుంటే ఏం చేయాలో ఏ ప్రశ్నపత్రమూ నేర్పదు. కొట్టకుండా తరగతి నడిపిన సీనియర్ టీచర్లు ఈ జిల్లాలో తప్పకుండా ఉంటారు. మొదటి ఏడాది కొత్తవాళ్లను నెలకు ఒక రోజైనా వాళ్ల గదుల్లో కూర్చోబెట్టండి, వాళ్లను వీళ్ల గదులకు పంపండి. మా టీచరమ్మ మొదటి రెండు నెలలు ఒంటరిగా గొంతు పోగొట్టుకుంది. ఆ స్థితిలో అవతల తల్లిదండ్రులు బరిగె చేతికి అందిస్తుంటే, కొట్టకూడదని వచ్చినవాళ్లలో ఎందరు నిలబడగలరు?

ఒక మాట చట్టం గురించి కూడా చెప్పాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం ప్రాథమిక బడిలో అరవై మంది పిల్లల దాకా ఇద్దరు టీచర్లు చాలు, తొంభై దాకా ముగ్గురు. అంటే అయిదు తరగతులకు ఇద్దరున్నా కాగితం మీద లోటు కనబడదు. కొట్టొద్దని చెప్పిన చట్టమే, కొట్టకుండా బడి నడపడానికి కావలసినంత మందిని ఇవ్వలేదు. తరగతికొక టీచరు అన్నది మీ ఒక్కరి చేతిలో లేదని తెలుసు. మీ పైవాళ్లకు పంపే నివేదికల్లో ఈ మాట ప్రతిసారీ రాయండి. తల్లిదండ్రుల సంతకాలు కావాలంటే మా బడి నుంచి నేను తెస్తాను.

నా తోటి తల్లిదండ్రులకు ఒకే మనవి. ఒక పూట పని మానుకుని మీ పిల్లల గదిలో వెనక కూర్చోండి. ఆ తర్వాత కూడా బరిగె కావాలనిపిస్తే, ఆ మాట టీచరుతో కాదు, మీ పిల్లల కళ్లలోకి చూసి అనండి.

అధికారి గారూ, మీ చేతిలో ఉన్న పని ఒకటి చివరగా అడుగుతాను. పని సర్దుబాటు పేరుతో, డిప్యుటేషన్ పేరుతో కొత్తవాళ్లను ఈ బడి నుంచి ఆ బడికి మార్చడం మేము చూస్తూనే ఉన్నాం. మా పిల్లలు ఇప్పటికే ఒక ఏడాదిలో నాలుగు నెలలు పోగొట్టుకున్నారు. గిజుభాయి కథలో అధికారి ఇచ్చింది నిండా ఒక ఏడాది. మా టీచరమ్మకు దక్కింది నాలుగు నెలలు, అందులో కొన్ని వారాలు ఒంటిపూట బడి. జూన్ 12న బళ్లు తెరిచేనాటికి మా పాప నాలుగో తరగతికి వస్తుంది, కూర్చునేది ఆ గదిలోనే. ఆ రోజు ఆ గదిలో ఆమెనే ఉంచండి.

ఇట్లు
ఒక తండ్రి
కరీమాబాద్, వరంగల్
ఫిబ్రవరి 2025